ఆదివారం చెప్పిన సాక్ష్యం

"ఇంక ఆపవే ఆ ఫోను!" అంది ఒడెస్సా.

డెల్ఫీన్ ఆపలేదు. నాలుగోసారి మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోనులో, తెల్లబట్టలూ తెల్లటోపీ వేసుకున్న ఒడెస్సా ప్రూయిట్ మళ్ళీ లేచి నిలబడింది. మళ్ళీ మైకు అందుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది.

"నా బిడ్డ నా వంటింట్లో, నా బల్ల ముందు కూర్చుని అన్న మాట చెబుతున్నా, సంఘమా! 'అమ్మా, డబ్బుదేముంది, ఈ ఊరి కోసమైతే ఉత్తపుణ్యానికైనా ఆడతాను' అంది నా డెల్ఫీన్. దేవునికి స్తోత్రం!"

ఫోనులో సంఘమంతా చప్పట్లు, ఆర్గన్ మోత. వంటింట్లో మాత్రం చడీ చప్పుడూ లేదు.

"నాలుగు లక్షల మంది చూశారమ్మా దీన్ని," అంది డెల్ఫీన్. "ఆదివారం చీకటి పడేసరికే నాలుగు లక్షలు. ఇవాళ మంగళవారం. తర్వాత చూడ్డం మానేశాను."

"నా సాక్ష్యం విని నలుగురు దేవుణ్ణి తల్చుకుంటే తప్పేముంది?"

"వాళ్ళు తల్చుకుంది దేవుణ్ణి కాదు. నా జీతాన్ని."

ఒడెస్సా పొయ్యి వైపు తిరిగింది. బాణలిలో వేగుతున్న చేపముక్కల్ని అవసరం లేకపోయినా ఓసారి తిరగేసింది. అరవై నాలుగేళ్ళ మనిషి. ఈ లూయీవిల్ పడమటి పేటలో ఇరవై ఏడేళ్ళు బడి బస్సు నడిపింది. తిట్టాలంటే ఊరు దద్దరిల్లేలా తిట్టగలదు. ఈ రెండు రోజులుగా మాత్రం సొంత కూతురి ముందు మాటలు వెతుక్కోవాల్సి వస్తోంది, అందుకే ఒళ్ళు మండుతోంది.

శనివారం దాకా అంతా బాగానే ఉంది. డెల్ఫీన్‌కు ఆమె ఆడే బాస్కెట్‌బాల్ జట్టువాళ్ళు మ్యాక్స్ ఇస్తామన్నారు. ఏ ఆటగత్తెకైనా ఇంతకు మించి ఇవ్వకూడదని లీగు ఒక హద్దు పెట్టింది, ఆ హద్దు దాకా ఇస్తే దాన్ని మ్యాక్స్ అంటారు. ఎనిమిదేళ్ళుగా ఈ ఊరి జట్టును భుజాల మీద మోస్తున్న పిల్ల డెల్ఫీన్. ఒక్క ఏడాది కూడా ఆ హద్దు దాకా అడగలేదు. మొదటిసారి అడిగింది, వాళ్ళూ సరేనన్నారు. సంతకాలు సోమవారం పెట్టుకుందామనుకున్నారు.

ఆదివారం ఉదయం చర్చిలో, దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే వేళ, ఒడెస్సా లేచి సాక్ష్యం చెప్పింది. ఆ చర్చిలో ఆరాధనంతా ఫోనుల్లో ప్రసారమవుతుంది.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి జట్టు మేనేజరు డెల్ఫీన్ ఏజెంటుకు ఫోన్ చేశాడు. శనివారం చెప్పినదాంట్లో మూడో వంతు కోసేశాడు. "ఆవిడే ఉత్తపుణ్యానికి ఆడతానందటగా," అని నవ్వాడట కూడా.

"ఆ మాట నువ్వు అన్లేదూ?" అంది ఒడెస్సా, పొయ్యి దగ్గర్నుంచి తిరక్కుండానే. "నేనేమైనా కల్పించానా? ఇదే కుర్చీలో కూర్చుని అన్నావు."

"అన్నాను. ఎప్పుడన్నాను? ఇస్తాంబుల్ నుంచి వచ్చిన రోజున. మూడు నెలలు ఆ చలిలో పడి ఆడి, మోకాలు గుమ్మడికాయలా వాచిపోయి, పద్నాలుగు గంటలు విమానంలో కూర్చుని ఇంటికొస్తే నువ్వు వేడి వేడి మొక్కజొన్న రొట్టె పెట్టావు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని అన్నానమ్మా! ఆ పూట నువ్వు ఏదడిగినా ఇచ్చేదాన్ని. ఇల్లు చేరిన మనిషి అనే మాట అది. బేరం మాటా?"

ఆ మోకాలు ఇప్పుడు ఎదురు కుర్చీ మీద చాపి ఉంది, దాని మీద ఐసు సంచి. డాక్టరు నిక్కచ్చిగా చెప్పాడు. వేసవిలో ఇక్కడ ఆడి, చలికాలం మళ్ళీ పరాయి దేశం పోయి ఆడితే ఈ మోకాలు ఇంకో ఏడాదికి మించి రాదు. చలికాలం విశ్రాంతిస్తే నాలుగేళ్ళు వస్తుంది. ఆడవాళ్ళ లీగులో ఇచ్చే జీతం మీద చలికాలం ఇంట్లో కూర్చోవాలంటే మ్యాక్స్ అయినా ఉండాలి. మూడో వంతు కోస్తే మళ్ళీ ఇస్తాంబులే.

అంతే సంగతి. ఆ పిల్ల మేడలు అడగలేదు. ఒక్క చలికాలం కూర్చునే వీలు అడిగింది.

"మగాళ్ళ జట్టులో ఏడాది పొడుగునా బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చునేవాడికి నాకంటే పదింతలు ఎక్కువిస్తారు," అంది డెల్ఫీన్. "వాణ్ణెవడైనా ఊరి కోసం తగ్గించుకోమంటాడా? వాళ్ళమ్మను చర్చిలో లేపి సాక్ష్యం చెప్పిస్తాడా?"

"నన్నెవరూ లేపలేదు. నా అంతట నేనే లేచాను." అని, ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించింది ఒడెస్సా. "నువ్వంతా నీ వైపునుంచే చూస్తున్నావు. జీతాలన్నిటికీ కలిపి జట్టుకు ఉండేది ఒకటే గిన్నె. అందులోంచి నువ్వు పెద్ద గరిటెతో తోడుకుంటే పైనున్న ఆ పిల్లకేం మిగులుతుంది?"

పైనున్న పిల్ల తలీసా. అదే జట్టులో ఆడుతుంది, ఇరవై నాలుగేళ్ళది. మూడేళ్ళ కిందట రెండు సంచులతో ఈ ఊరొస్తే డెల్ఫీనే తీసుకొచ్చి పై గదిలో పెట్టింది. ఒడెస్సాను అమ్మా అని పిలుస్తుంది. చలికాలమంతా బడిపిల్లలకు ఆట నేర్పి వచ్చిందాంతో నెట్టుకొస్తుంది. ఈసారి డెల్ఫీన్‌కు మ్యాక్స్ ఇస్తే గిన్నె ఖాళీ అయి తలీసాను తీసేయక తప్పదని పత్రికలన్నీ రాశాయి.

"గిన్నె ఎంతుండాలో ఎవరు పెట్టారమ్మా? నేనా?" డెల్ఫీన్ గొంతు లేచింది. "జట్టు ఓనరుకు నదిలో పడవుంది, గుర్రాలున్నాయి. ఆటస్థలం ఊరివాళ్ళ పన్నులతో కట్టించుకున్నాడు. ఆయన టికెట్టు మీద ఒక్క డాలరు తగ్గించాడా ఊరి కోసం? గిన్నె చిన్నదైతే మేమిద్దరం జుట్టూ జుట్టూ పట్టుకోవాలి, ఆయన ఒడ్డున కూర్చుని చూడాలి!"

"నేనేదో ఇద్దరూ నా కళ్ళముందుంటారని..."

"లొరైన్ మేబ్రీతో నువ్వు మాట్లాడి ఎన్నేళ్ళయింది?"

ఒడెస్సా చేతిలో గరిటె ఆగిపోయింది.

"దాని ఊసు ఇప్పుడెందుకు?"

"చెప్పమ్మా. ఇరవై రెండేళ్ళు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. జీతాలు పెంచమని మీరంతా బస్సులు ఆపేసి ఆరు వారాలు రోడ్డు మీద నిలబడ్డారు. పిల్లలున్నారని చెప్పి నీతోపాటు బస్సు నడిపే లొరైన్ ఆంటీ తక్కువ జీతానికి ఒప్పుకుని బస్సెక్కింది. ప్రతి ఆదివారం ఆవిడ నీ పక్క వరసలోనే కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆవిడకు నువ్వు వందనాలు కూడా చెప్పవు. ఎందుకూ?"

ఒడెస్సా గరిటె పక్కన పెట్టేసింది.

"తక్కువకొప్పుకుని అందరి జీతాలూ తగ్గించిందని. నువ్వే చెప్పావు నాకు. ఇప్పుడు నేను తగ్గితే? రేపు తలీసా వెళ్ళి నాలుగు డాలర్లు ఎక్కువడిగితే వాళ్ళేమంటారు? 'డెల్ఫీన్ ప్రూయిటే తగ్గింది, నువ్వెంత?' అంటారు. ఈ లీగులో ప్రతి పిల్లనూ అదే అంటారు. నన్ను లొరైన్ మేబ్రీని చేశావమ్మా. అదీ నన్నడక్కుండా. మైకు పట్టుకుని."

చేపముక్కలు మాడిన వాసనొచ్చింది. ఒడెస్సా పొయ్యి కట్టేసింది. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పైకి మాత్రం, "మాడగొట్టించావు," అంది.

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తలీసా గుమ్మంలో నిలబడింది. ఇల్లంతా వినబడేలా అరుచుకుంటుంటే ఆ పిల్లకు వినబడకుండా ఎలా ఉంటుంది? ఎవరి మొహమూ చూడకుండా పళ్ళేలు తీసి బల్ల మీద సర్దింది. నాలుగు పెట్టింది.

"నాలుగెందుకు?" అంది డెల్ఫీన్.

"హాలెన్‌బెక్ గారొస్తున్నారు," అంది తలీసా పళ్ళేలకేసి చూస్తూ. "అమ్మతో మాట్లాడాలని నాకు మెసేజీ పెట్టారు."

"నీకెందుకు పెట్టాడు?"

తలీసా జవాబు చెప్పేలోపే వీధి తలుపు తట్టారు.

క్రెయిగ్ హాలెన్‌బెక్ జట్టు మేనేజరు. బూట్లకంటిన మంచు తుడుచుకుని, ఒక చేత్తో పూలగుత్తి, ఇంకో చేత్తో జట్టు చొక్కా పట్టుకుని లోపలికొచ్చాడు. చొక్కా వీపు మీద పెద్దక్షరాలతో 'మదర్ ప్రూయిట్' అని రాయించి తెచ్చాడు. చర్చిలో పెద్దావిడలను గౌరవంగా పిలిచే పిలుపది. అతని నోటికి, అతని చొక్కాకు ఆ పిలుపెవరిచ్చారో మరి!

"మిస్ ఒడెస్సా! మీ వంట వాసన వీధి చివరికొస్తోంది," అన్నాడు.

"మిసెస్ ప్రూయిట్ అనండి."

"అయ్యో, అలాగే, మిసెస్ ప్రూయిట్." నవ్వు చెదరనివ్వకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డెల్ఫీన్ మోకాలికేసి చూసి, "ఎలా ఉంది మా బంగారు మోకాలు?" అన్నాడు.

"మూడో వంతు తగ్గింది," అంది డెల్ఫీన్.

అతను గట్టిగా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఒడెస్సా చేపలు వడ్డించింది, మాడినవి ఏరి మరీ అతని పళ్ళెంలో వేసింది. ఇంటికొచ్చినవాణ్ణి అన్నం పెట్టకుండా పంపే అలవాటు ఆమెకు లేదు. మంచివి పెట్టాలన్న నియమమూ లేదు.

అతను రెండు ముక్కలు తిని మూతి తుడుచుకుని సంచిలోంచి కాగితం తీశాడు. "ఆదివారం మీ సాక్ష్యం విని ఓనరుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఊరంతా అదే మాట. ఈ ఏడాది టికెట్ల ప్రచారమంతా దాని మీదే నడపాలనుకుంటున్నాం. నది వంతెన మీద మీ బొమ్మ, కింద ఆ మాట. 'ఈ ఊరి కోసమైతే ఉత్తపుణ్యానికైనా!' మీ మొహం, గొంతు వాడుకోడానికి ఇక్కడ చిన్న సంతకం. సాయంత్రం అయిదింటిలోగా అచ్చుకు పంపాలి."

డెల్ఫీన్ ఐసు సంచి తీసి బల్ల మీద పడేసింది. "నా జీతం కోసిన మాటను వంతెన మీద కడతారా?"

"ఇది త్యాగం గురించి, డెల్ఫీన్. పిల్లలకు స్ఫూర్తి."

"ఎవరి త్యాగం?"

"ఆగు," అంది ఒడెస్సా కూతురితో. హాలెన్‌బెక్ వైపు తిరిగింది. బస్సులో అల్లరి చేసే పిల్లల్ని అద్దంలోంచి చూసే చూపు అది. "నాకొక్కటి సూటిగా చెప్పండి. మా అమ్మాయి మూడో వంతు వదులుకుందనుకోండి. తలీసా జట్టులో ఉంటుందా?"

"మనమంతా ఒక కుటుంబం, మిసెస్ ప్రూయిట్. తలీసా అంటే మా అందరికీ..."

"ఉంటుందా, ఉండదా?"

"అన్నీ ఇప్పుడే మాటివ్వలేం కదండీ. లెక్కలు చాలా ఉంటాయి. పెద్ద ఆలోచన ఒకటుంది. చెబితే మీరే సంతోషిస్తారు." గొంతు తగ్గించాడు, ఏదో కానుక విప్పుతున్నట్టు. "పడమటి తీరంనుంచి ఒకావిడ వస్తోంది. ఆరడుగుల ఆరంగుళాలు. ఆవిడా డెల్ఫీనూ కలిస్తే కప్పు మనదే! డెల్ఫీన్ వదులుకున్నదాంతోనే ఆవిణ్ణి తేగలుగుతున్నాం."

"ఆవిడకెంత?" అంది డెల్ఫీన్.

హాలెన్‌బెక్ నీళ్ళు తాగాడు. "ఆవిడ స్థాయికి తగ్గట్టు."

"మ్యాక్సా?"

"ఆవిడ బయటనుంచి వస్తోంది కదా. ఈ ఊరంటే ఆవిడకు ప్రేమెక్కణ్ణుంచొస్తుంది? అలాంటివాళ్ళకు మ్యాక్స్ ఇవ్వకపోతే రారు."

ఒడెస్సాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, కాళ్ళకింద నేల ఉన్నట్టుండి మండినట్టయింది. ఊరిని ప్రేమించనిదానికి నిండు జీతం. ప్రేమించినందుకు సొంత పిల్లకు కోత! ఆ కోసింది మోసుకెళ్ళి రేపొచ్చేదాని ఒళ్ళో పోయడం! దానికి తన నోరు, తన తెల్లటోపీ, తన దేవుడు కావలసి వచ్చారు వీళ్ళకి.

"మరి ఈ పిల్ల?" అంది, తలీసాను చూపిస్తూ.

"చూద్దామండీ," అన్నాడు హాలెన్‌బెక్. తలీసా వైపు చూడలేదు. తలీసా మాత్రం అతన్నే చూస్తోంది, రెప్ప వెయ్యకుండా.

"సంతకం పెట్టను," అంది ఒడెస్సా.

"తొందరపడకండి. పాస్టరుగారు చర్చి తరఫున నిన్ననే పెట్టేశారు. వీడియో చర్చిది కదా. ముసలివాళ్ళను చర్చికి తీసుకురావడానికి ఓనరుగారు ఒక వ్యాను కూడా ఇస్తున్నారు. మీరెన్నాళ్ళుగానో అడుగుతున్నారటగా? మీది లాంఛనమే."

కాగితం బల్ల మీదే వదిలి, కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు. పూలగుత్తి మూలన పడుంది. ఎవరూ నీళ్ళలో పెట్టలేదు.

అతని కారు వీధి మలుపు తిరిగింది.

"నాకు మాటిచ్చాడు," అంది తలీసా.

ఇద్దరూ ఆ పిల్ల వైపు తిరిగారు.

"శుక్రవారం పిలిచాడు. డెల్ఫీన్ తగ్గితే నీకు చోటుంటుందన్నాడు. ఊరు ఆ పెద్దావిడ మాట వింటుంది, ఆవిడొక మాట పదిమందిలో అంటే చాలన్నాడు. అందుకే శనివారం నీకు జడలల్లుతున్నప్పుడు..." ఒడెస్సా జడల వైపు చూసింది ఆ పిల్ల. "నేనే చెప్పాను కదమ్మా నీకు. 'అక్క అన్న మాట రేపు సాక్ష్యంలో చెప్పు, అందరూ సంతోషిస్తారు' అని."

ఒడెస్సా కుర్చీలో కూలబడింది. నా అంతట నేనే లేచాను అని గంట కిందట ఎంత గట్టిగా చెప్పింది! తన నెత్తి మీద చేతులు పెట్టి, నూనె రాసి, జడలల్లిన ఈ చేతులే తనను లేపి నిలబెట్టాయన్నమాట.

"కాగితమిచ్చాడా?" అంది డెల్ఫీన్.

"లేదు. నోటిమాటే."

తిడుతుందనుకుంది ఒడెస్సా. చెయ్యి చేసుకున్నా ఆశ్చర్యపోయేది కాదు. డెల్ఫీన్ నవ్వింది. ఏడుపుకంటే కష్టంగా ఉంది ఆ నవ్వు. "పిచ్చిమొహమా! నాకు ఎనిమిదేళ్ళనుంచీ ఇస్తున్నాడు ఆ నోటిమాట."

"నన్ను తిట్టక్కా."

"తిడతా. తీరిగ్గా తిడతా. ముందు నిన్ను నా మీదికి ఉసిగొల్పినవాడి సంగతి చూడనీ."

ఒడెస్సా అప్పటికే ఫోనందుకుంది. పాస్టరు వెండెల్ టిగ్ మూడోసారి మోగగానే ఎత్తాడు.

"వందనాలు, మదర్ ప్రూయిట్! మీ సాక్ష్యం వల్ల ఎంత దీవెన..."

"రేపు ప్రార్థన కూటంలో నాకు మైకు కావాలి, పాస్టరుగారూ. ఆదివారం చెప్పింది వెనక్కి తీసుకుంటాను."



"సాక్ష్యం వెనక్కి తీసుకోడం ఎక్కడైనా ఉందా అమ్మా? దేవుని సన్నిధిలో చెప్పిన మాట. సంఘం తడబడుతుంది."

"సన్నిధిలో చెప్పినదాన్ని వంతెనకు కట్టి టికెట్లమ్ముకుంటే తడబడదా? నన్నడక్కుండా మీరు సంతకమెలా పెట్టారు?"

"ముసలివాళ్ళు మంచులో నడిచి వస్తున్నారమ్మా. మీరే కదా ఏడేళ్ళనుంచీ వ్యాను కోసం ప్రార్థన చేయిస్తున్నారు?"

ఆ దెబ్బ సూటిగా తగిలింది. ఏడేళ్ళు మోకాళ్ళ మీద అడిగింది నిజమే. బస్సు నడిపిన చేతులు కదా, వ్యాను వస్తే తానే నడుపుతాననుకుంది కూడా.

"అడిగింది దేవుణ్ణి," అంది. "నా కూతుర్ని అమ్మి కొనమన్లేదు మిమ్మల్ని."

"రేపు సాక్ష్యాలకు వ్యవధి ఉండదమ్మా," అన్నాడు పాస్టరు మెల్లగా, పెట్టేశాడు.

నలభై ఒక్క ఏళ్ళుగా వెళ్తున్న చర్చి. అందులో మొదటి వరసలో కూర్చునే మనిషికి మైకు లేదన్నాడు! ఒడెస్సా ఫోను బల్ల మీద పెట్టింది. తర్వాత తలీసా వైపు తిరిగింది.

"నీ పేజీ ఎంతమంది చూస్తారు?"

"నా పేజీయా? ఓ ఇరవై వేల మంది ఉంటారు. జట్టువాళ్ళంతా చూస్తారు."

"పట్టుకో ఆ ఫోను. నా వైపు తిప్పు."

"అమ్మా, దాని పేజీలోనా?" అంది డెల్ఫీన్. "అది పెడితే హాలెన్‌బెక్ దాన్ని బతకనిస్తాడా?"

"నా పేజీలోనే పెడతానక్కా," అంది తలీసా. ఫోను ఎత్తింది.

ఒడెస్సా తెల్లబట్టలు వేసుకోలేదు, టోపీ పెట్టుకోలేదు. నూనె మరకల వంట గుడ్డతోనే బల్ల ముందు కూర్చుంది. ఒకసారి గొంతు సవరించుకుంది.

"నా పేరు ఒడెస్సా ప్రూయిట్. ఆదివారం నేను సాక్ష్యం చెప్పాను. అది తప్పు. సాక్ష్యమంటే ఎవరి సంగతి వాళ్ళు చెప్పుకోవాలి. నేను నా కూతురి సంగతి చెప్పాను, అదీ దాన్నడక్కుండా. ఇంట్లో అమ్మతో అన్న మాటను బజారులో పెట్టాను. నా బిడ్డ నన్ను క్షమించాలి."

డెల్ఫీన్ కిటికీలోంచి బయటికి చూస్తోంది. మొహం కనబడటం లేదు.

"నా కూతురు ఉత్తపుణ్యానికి ఆడదు. ఎందుకాడాలి? దాన్ని చూపించి ఎనిమిదేళ్ళు టికెట్లమ్ముకున్నారు. లీగు ఎంత దాకా ఇవ్వొచ్చంటే అంతా ఇవ్వండి. బయటివాళ్ళకు మ్యాక్స్ ఇవ్వడానికి ఇంటిపిల్ల దగ్గర కొయ్యకండి. ఒక పిల్ల పొట్ట చూపించి ఇంకో పిల్ల గొంతు కొయ్యకండి. ఊరి కోసం, ఊరి కోసం అంటారే, ఊరి కోసం ఓనరుగారు ఏం వదులుకుంటున్నారో ముందు ఆయన్ని నిలబడి సాక్ష్యం చెప్పమనండి! ఇంకొక మాట. లొరైన్ మేబ్రీ, నువ్వు వింటున్నావో లేదో. ఇరవై రెండేళ్ళు నిన్ను వెలేసినట్టు చూశాను. నీ పనికి నాకింకా కోపమే. కానీ నీ వెనకాల ఎవడున్నాడో నేనొక్కరోజూ అడగలేదు. ఆదివారం మాట్లాడుకుందాం. అంతే. ఆపు."

తలీసా ఆపింది. ఒక్క క్షణం వాళ్ళిద్దరినీ చూసింది. అడ్డు చెప్పే లోపే నొక్కేసింది. వెళ్ళిపోయింది వీడియో.

గోడ గడియారంలో నాలుగున్నర. బల్ల మీద చేపలు చల్లారి గడ్డకట్టాయి. మొదట ఒకటి, తర్వాత పది, తర్వాత లెక్క తెలియనన్ని మెసేజీలు ఫోనులో చిన్నగా మోగడం మొదలుపెట్టాయి. డెల్ఫీన్ కుంటుకుంటూ వచ్చి తల్లి వెనక నిలబడి భుజం మీద చెయ్యేసింది. రెండు రోజుల తర్వాత ఒడెస్సాకు ఊపిరి నిండుగా ఆడింది.

అయిదు కావడానికి పది నిమిషాలుందనగా తలీసా ఫోను గట్టిగా మోగింది. హాలెన్‌బెక్.

"ఎత్తకు," అంది డెల్ఫీన్.

తలీసా ఎత్తింది. అందరికీ వినబడేలా పెట్టి బల్ల మీదుంచింది.

"తలీసా, విను," అన్నాడతను. ఇందాకటి నవ్వు లేదు, కోపమూ లేదు. "ఉత్త నోటిమాటేనని అనుకుంటున్నావేమో. కాదు. నీ కాగితం ఇప్పుడు నా ముందుంది. రెండేళ్ళకి. నా సంతకం పెట్టేశాను, ఫోటో తీసి పంపిస్తున్నా చూసుకో. ఆ వీడియో నీ పేజీలో ఉంది కాబట్టి నువ్వే తీసెయ్యగలవు. తీసేసి, ఆ పెద్దావిడ కోపంలో ఏదో అందని రెండు ముక్కలు రాయి. అయిదయ్యేసరికి. లేకపోతే రేపటినుంచి ఆటస్థలంలోకి రానక్కర్లేదు."

ఫోటో వచ్చింది. నిజంగానే కాగితం. నిజంగానే రెండేళ్ళు. నిజంగానే సంతకం.

తలీసా దాన్ని చూస్తూ ఉండిపోయింది. మూడేళ్ళుగా ఏ ఏటికాయేడు బిక్కుబిక్కుమంటూ బతికిన పిల్ల. రెండేళ్ళ కాగితం ఎన్నడూ కళ్ళ చూడలేదు. తల ఎత్తి డెల్ఫీన్‌ను చూసింది. డెల్ఫీన్ ఏమని చెబుతుంది? నా మ్యాక్స్ కోసం నీ రెండేళ్ళూ వదులుకోమనా?

"అమ్మా," అంది తలీసా. "నువ్వు చెప్పు. ఏం చెయ్యమంటావు?"

ఒడెస్సా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చెప్పాలనుంది. ఛీ కొట్టి పెట్టెయ్యమని అరవాలనుంది. అరవై నాలుగేళ్ళలో ఎప్పుడూ నోరు మూసుకోని మనిషి.

"ఒక పిల్ల తరఫున మాట్లాడి చూశానుగా, తల్లీ," అంది. "ఇంకెవరి తరఫునా మాట్లాడను. ఏదైనా సరే, నీ నోటితో నువ్వే చెప్పు."

"తలీసా, వింటున్నావా?" అన్నాడు హాలెన్‌బెక్.

తలీసా ఫోను దగ్గరికి లాక్కుని, నోరు తెరిచింది.